ఫతే మైదానం, భద్రాచలం నుంచి చూస్తే

2025 జనవరి 28. కౌలాలంపూర్‌లో స్కాట్లాండ్ మీద గొంగడి త్రిష 59 బంతుల్లో 110 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్‌లో అదే మొట్టమొదటి సెంచరీ. ఐదు రోజుల తర్వాత ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 3 వికెట్లు తీసి, 44 కొట్టి కప్పు తెచ్చింది. మొత్తం టోర్నీలో 309 పరుగులు, 7 వికెట్లు. ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ కూడా తనే.

త్రిష పుట్టింది భద్రాచలంలో. మాదీ అదే ఊరు. ఆ వారమంతా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రాముడి గుడి ఫొటోల కన్నా త్రిష ఫొటోలే ఎక్కువ. పదకొండేళ్ళ మా మేనల్లుడు మాత్రం ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "మామయ్యా, ఆ అక్క మన ఊళ్ళో ఏ గ్రౌండ్‌లో నేర్చుకుంది?"

మన ఊళ్ళో కాదురా, కోచింగ్ కోసం చిన్నప్పుడే వాళ్ళ కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోయింది, సికింద్రాబాద్‌లో అకాడమీలో నేర్చుకుంది అని చెప్పాను. కాసేపు ఆగి, "మరి మేము?" అన్నాడు.

నాకు జవాబు తట్టలేదు. కోడ్‌లో బగ్ వస్తే లాగ్స్ తీసి వెనక్కి చదువుకుంటూ పోవడం నా ఉద్యోగం. ఇక్కడా అదే చేశాను. మా ఊరికీ, మా రాష్ట్రంలోని అసలైన క్రికెట్ గ్రౌండ్‌కీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చింది? రోడ్డు మీదైతే మూడొందల పది కిలోమీటర్లు. నేనడిగేది ఆ దూరం కాదు.

*

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. భద్రాచలంలో స్టేడియం లేదనడానికి వీల్లేదు. ఉంది. దాని పేరు మిథిలా స్టేడియం. ఏటా శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం అక్కడే జరుగుతుంది. చిన్నప్పుడు నాకు స్టేడియం అంటే అదే. టీవీలో మొదటిసారి ఈడెన్ గార్డెన్స్ చూసినప్పుడు, అంత జనాన్ని చూసి, మధ్యలో మండపం ఏదని వెతికాను.

ఖమ్మంలో పెవిలియన్ గ్రౌండ్ ఉంది. పేరు వింటే తెల్ల ప్యాంట్లు, చప్పట్లు గుర్తొస్తాయి. పేపర్లో ఆ పేరు ఎక్కువగా కనిపించేది మాత్రం బహిరంగ సభల వార్తల్లో. అక్కడే సర్దార్ పటేల్ స్టేడియం ఉంది. కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం ఉంది. అంటే మా వైపు స్టేడియాలు లేక కాదు. మన దగ్గర స్టేడియం అంటే జనం కూర్చునే చోటు. జనం ఎదురుగా ఏం జరుగుతుందన్నది ఆ రోజును బట్టి ఉంటుంది. పెళ్ళి కావచ్చు, సభ కావచ్చు, పరేడ్ కావచ్చు, ఒక్కోసారి ఆట కూడా కావచ్చు.

ఇది చిన్న ఊళ్ళ అలవాటని చాలాకాలం అనుకున్నాను. హైదరాబాద్ ఫతే మైదానం కథ చదివాక తెలిసింది, పెద్ద ఊరి సంగతీ అంతేనని.

*

ఇప్పుడు మనం ఎల్బీ స్టేడియం అంటున్న నేలకు పాత పేరు ఫతే మైదానం. ఫతే అంటే విజయం. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టుకున్నాడు. ఆ సమయంలో మొఘల్ సైన్యం గుడారాలు వేసుకున్నది ఇక్కడేననీ, గెలుపు గుర్తుగా ఆ పేరు వచ్చిందనీ చెప్తారు. పక్కనే నౌబత్ పహాడ్ ఉంది. ఇవాళ బిర్లా మందిర్ ఉన్న గుట్ట అదే. అంటే ఈ నేలకు పేరు పెట్టింది గెలిచినవాళ్ళు, అదీ హైదరాబాద్ ఓడిన రోజును తలుచుకుంటూ. తర్వాత ఆసఫ్‌జాహీల కాలంలో ఇది పరేడ్లకు, పోలోకు పనికొచ్చింది.

నగరంలో క్రికెట్ పుట్టిన చోటు మాత్రం ఇది కాదు. అది సికింద్రాబాద్ జింఖానా. కంటోన్మెంట్‌లో తెల్ల సైనికాధికారుల ఆట. తర్వాత నవాబులు దాన్ని తమదిగా చేసుకున్నారు. నవాబ్ మొయినుద్దౌలా ఇచ్చిన బంగారు కప్పు కోసం 1930లో టోర్నమెంటు మొదలైంది. 1934లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ ఏర్పడింది. అదే సీజన్లో మొదలైన రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కొట్టింది హైదరాబాదీయే: ఎస్.ఎం. హాదీ, మద్రాసు మీద 132 నాటౌట్. టెన్నిస్‌లో డేవిస్ కప్ దాకా వెళ్ళిన మనిషి ఆయన. 1937-38లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. రెండోసారి గెలవడానికి 1986-87 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ పేర్లన్నీ చదువుతుంటే నాకు ఒకటి స్పష్టంగా అర్థమైంది. గ్రౌండ్ అంటే ఖాళీ స్థలం ఒక్కటే అయితే సరిపోదు. ఆ ఖాళీని పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఎవరో ఒకరు కాపాడుతూ ఉండాలి. గడ్డి కత్తిరించాలి, రోలర్ తిప్పాలి, నీళ్ళు పట్టాలి, పశువుల్నీ పందిళ్ళనూ రానివ్వకూడదు. హైదరాబాద్‌లో ఆ పని ముందు కంటోన్మెంట్ చేసింది, తర్వాత నవాబు, తర్వాత ప్రభుత్వం.

*

1955 నవంబర్ 19న ఫతే మైదానంలో మొదటి టెస్టు. ప్రత్యర్థి న్యూజీలాండ్. మన కెప్టెన్ హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు, టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ. విజయ్ మంజ్రేకర్ 118, మొదటి టెస్టు ఆడుతున్న కృపాల్ సింగ్ 100 నాటౌట్. 4 వికెట్లకు 498 దగ్గర డిక్లేర్ చేశారు. సుభాష్ గుప్తే 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ మాత్రం డ్రా.

ఆ మ్యాచ్ చూడాలని ఆ రోజు భద్రాచలంలో ఎవరికైనా బుద్ధి పుట్టిందనుకోండి. ఏం చేయాలి?

ముందు రాష్ట్రం దాటాలి. 1955లో భద్రాచలం ఆంధ్ర రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. గోదావరి అవతలి ఒడ్డున బూర్గంపహాడ్, అది హైదరాబాద్ రాష్ట్రం. మధ్యలో వంతెన లేదు. పడవలో నది దాటి, కొత్తగూడెం దాకా నలభై కిలోమీటర్లు వెళ్ళి, అక్కడ రైలెక్కాలి. ఆ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో ఊరి పేరు పెట్టుకున్న స్టేషన్ మాది. కొత్తగూడానికి రైలు వచ్చింది సింగరేణి బొగ్గు కోసం. అప్పటికి అక్కడితో ఆగిపోయింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. మా తాతయ్య ఉన్నన్నాళ్ళూ దాన్ని "కొత్త బ్రిడ్జి" అనే అన్నాడు. ఆయనకు క్రికెట్ తెలీదు. కానీ ఒకే ఇంట్లో ఉంటూ జిల్లా మారడం, రాష్ట్రం మారడం బాగా తెలుసు.

విచిత్రం ఏంటంటే, రాష్ట్రాలు కలిసినా క్రికెట్ కలవలేదు. 1953లో పుట్టిన ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ విడిగానే ఉంది, హైదరాబాద్ విడిగానే ఉంది. ఒకే రాష్ట్రానికి రెండు రంజీ జట్లు. ఆటలో పాత సరిహద్దులు యాభై ఎనిమిదేళ్ళు అలాగే నిలబడ్డాయి. 2014లో రాజకీయ పటమే వెనక్కొచ్చి క్రికెట్ పటాన్ని కలుసుకుంది.

అదీ పూర్తిగా కాదు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల పల్లెలు వెళ్ళిపోయాయి. ఎటపాక మాకు పక్క ఊరు. ఇప్పుడు అది వేరే రాష్ట్రం. టెన్నిస్ బాల్ టోర్నీలో ఒకే జట్టుగా ఆడే ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు పైస్థాయికి వెళ్ళాలంటే హైదరాబాద్ వైపు చూడాలి, రెండోవాడు ఆంధ్ర వైపు. ఇద్దరికీ దగ్గర్లో టర్ఫ్ పిచ్ లేదు. ఆ ఒక్క విషయంలో వాళ్ళిద్దరూ సమానం.

*

ఫతే మైదానానికి తిరిగి వద్దాం. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. రెండేళ్ళకు, 1969 అక్టోబర్‌లో మళ్ళీ న్యూజీలాండ్ వచ్చింది. గ్రౌండ్‌లో వసతులు అంటే ఏంటో తెలియాలంటే ఆ మ్యాచ్ గురించి చదవాలి.

సిరీస్ 1-1. ఇది ఆఖరి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో న్యూజీలాండ్ 181, మనవాళ్ళు 89కే ఆలౌట్. అందులోనూ తొమ్మిది వికెట్లు 49కే పడితే, వెంకటరాఘవన్, బేడీ కలిసి 40 జోడించారు. మధ్యలో గడ్డి గొడవ. విశ్రాంతి రోజున కత్తిరించాల్సిన పిచ్ మీది గడ్డిని ఎవరూ కత్తిరించలేదు. మర్నాడు పొద్దున కత్తిరిస్తామంటే న్యూజీలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం గ్రౌండ్‌లోకి పరిగెత్తిన ఒక పిల్లాణ్ణి పోలీసులు కొట్టడంతో జనం తిరగబడ్డారు, అల్లరైంది. ఆఖరి రోజు మనకు లక్ష్యం 268. 76కి 7 వికెట్లు పడ్డాక వాన కురిసింది. వాన వెలిసి ఎండ కాసింది, కానీ నేల ఆరలేదు. నీళ్ళు తోడి ఆరబెట్టే ఏర్పాట్లు సరిగా లేవని న్యూజీలాండ్ వాళ్ళు మండిపడ్డారు. మ్యాచ్ డ్రా, సిరీస్ సమం. చేతిదాకా వచ్చిన సిరీస్ పోయిందని వాళ్ళ బాధ.

మనం ఓడలేదు కాబట్టి ఈ కథను మనవాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు. నాకైతే అందులో చాలా మామూలు నిజం కనిపిస్తుంది. ఒక టెస్టు సిరీస్ ఫలితాన్ని ఒక గడ్డి కోత మిషనూ, కొన్ని కవర్లూ తేల్చేశాయి. చూసేవాళ్ళకు గ్యాలరీ కావాలి, నిజమే. ఆటకు మాత్రం మాలి కావాలి.

ఎల్బీ స్టేడియంలో జరిగిన టెస్టులు మూడే: 1955, 1969, 1988. మూడూ న్యూజీలాండ్‌తోనే. మూడోది మనం 10 వికెట్లతో గెలిచాం. వన్డేలే దానికి పేరు తెచ్చాయి. 1983 సెప్టెంబర్ 10న పాకిస్తాన్‌తో మొదటి వన్డే. 1987 మార్చిలో మళ్ళీ పాకిస్తాన్‌తో ఇద్దరూ 212, తక్కువ వికెట్లు పోగొట్టుకున్నందుకు మనం గెలిచాం. అదే ఏడాది ప్రపంచ కప్‌లో జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ 142 కొట్టినా జట్టు 3 పరుగుల తేడాతో ఓడింది. 1999 నవంబర్ 8న సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, రెండో వికెట్‌కు 331. ఆ చివరిది నాకు గుర్తు. మా ఇంట్లో సచిన్ 150 దాటాక కరెంటు పోయింది. మిగతాది పక్కవీధిలో ట్రాన్సిస్టర్ చుట్టూ నిలబడి విన్నాం.

ఇదే స్టేడియం ఇంకో చరిత్ర కూడా మోసింది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఇక్కడే. మొదటి వన్డే కన్నా ఎనిమిది నెలల ముందు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి కూడా ఇక్కడే. మా మిథిలా స్టేడియాన్ని చూసి నవ్వుకున్నవాణ్ణి, ఇది తెలిశాక నోరు మూసుకున్నాను. అక్కడ కల్యాణం, ఇక్కడ పట్టాభిషేకం.

ఆ స్టేడియం ప్రభుత్వానిది, క్రికెట్ అసోసియేషన్‌ది కాదు. సొంత గ్రౌండ్ కావాలని అసోసియేషన్ ఉప్పల్‌లో కట్టుకుంది. 2005 నవంబర్ 16న అక్కడ దక్షిణాఫ్రికాతో మొదటి వన్డే, 2010 నవంబర్‌లో మొదటి టెస్టు. ఆ టెస్టు ఎవరితో అనుకుంటున్నారు? న్యూజీలాండే. కూర్చోడానికి దాదాపు 39 వేల సీట్లు. ఎల్బీకి మాత్రం పెద్ద మ్యాచ్‌లు పోయాయి. ఫ్లడ్‌లైట్లు, ఈతకొలను, ఇండోర్ స్టేడియం, టెన్నిస్ కోర్టులు, చుట్టూ ఆటసామాన్ల దుకాణాలు మిగిలాయి.

*

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను మొదటిసారి ఎల్బీకి వెళ్ళింది ఆ దుకాణాల కోసమే. బ్యాట్ కొనుక్కుని గేటు దగ్గర నిలబడి లోపలికి చూస్తుంటే వాచ్‌మన్ జాలిపడి, "ఐదు నిమిషాలు, పోయి రా తమ్మీ" అన్నాడు. ఎవరూ లేరు. మధ్యలోకి పోయి వంగి నేలను ముట్టుకున్నాను. ఉమ్రీగర్, గుప్తే, సచిన్. గట్టిగా ఉంది, అరచేతికి చల్లగా తగిలింది.

ఆ బ్యాట్‌తోనే నగరంలో ఒక క్లబ్బు ట్రయల్స్‌కి వెళ్ళాను. మేము ఆడి పెరిగింది కాలేజీ గ్రౌండ్ గరపనేల మీద, ఎండాకాలం గోదావరి ఇసుకలో. ఇసుకలో బంతి లేవదు. అందుకే మేమంతా బంతి నేల తాకకముందే ముందుకు దూకి కొట్టేవాళ్ళం. టర్ఫ్ మీద మొదటి బంతికి అలాగే దూకాను. అది లేచి పక్కటెముకలకు తగిలింది. రెండోదీ అంతే. కోచ్ కోప్పడలేదు. "ఎక్కడ ఆడావ్ బాబూ?" అన్నాడు. చెప్పాను. తలూపి, పక్కకు నిలబడమన్నాడు.

నాకు గొప్ప టాలెంట్ ఉండి నాశనమైందని చెప్పను. లేదు. కానీ ఆ రోజు పక్కకు నిలబడ్డవాళ్ళం ఏడుగురం. మాట్లాడుకుంటే అందరం జిల్లాలవాళ్ళమే.

మన అసోసియేషన్ మొదట్నుంచీ నగర క్లబ్బుల లీగ్ మీద నిలబడింది. ఓట్లలో ఎక్కువ భాగం వాళ్ళవే. అక్కడి గొడవలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2023 ఫిబ్రవరిలో మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేయాల్సి వచ్చింది. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. "అందుకే మాకు గ్రౌండ్ లేదు" అని వ్యాసం ఇక్కడ ముగిస్తే అందరూ తలూపుతారు. కానీ మా వైపు ఇంకో సంగతి ఉంది, అది అంత తేలిక కాదు.

భద్రాచలం షెడ్యూల్డ్ ఏరియా. 1959లో వచ్చి 1970లో గట్టిపడిన భూబదలాయింపు నిబంధనను మా దగ్గర అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. దాని ప్రకారం ఇక్కడ భూమి గిరిజనులకు, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఇంకెవరికీ బదలాయించడానికి లేదు. అంటే క్రికెట్ అసోసియేషనో, ప్రైవేటు అకాడమీయో డబ్బు సంచితో వచ్చినా నాలుగెకరాలు కొనలేదు. చిన్నప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు ఈ చట్టాన్ని తిడుతుంటే నేనూ తల ఊపేవాణ్ణి. ఇప్పుడు ఊపను. కోయవాళ్ళ చేతుల్లోంచి భూమి ఎలా జారిపోయిందో తెలిశాక, నా కవర్ డ్రైవ్ కోసం ఆ చట్టం సడలాలని ఎలా అడుగుతాను?

లెక్క వేసి చూశాను. అంతర్జాతీయ మ్యాచ్‌కు బౌండరీ కనీసం 65 గజాలు, అంటే 59 మీటర్ల పైచిలుకు. ఆ వృత్తం వైశాల్యం దాదాపు 11,100 చదరపు మీటర్లు. రెండు ముప్పావు ఎకరాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. సరిగ్గా నాలుగు సెంట్లు. అడవి అంచు గూడేల్లో వాలీబాల్ నెట్ ఎందుకు కనిపిస్తుందో, క్రికెట్ పిచ్ ఎందుకు కనిపించదో ఈ లెక్కే చెప్తుంది. మనవాళ్ళు "గిరిజన పిల్లలకు క్రికెట్ మీద ఆసక్తి లేదు" అనేస్తుంటారు. ఆసక్తి సంగతి తర్వాత, ముందు సెంట్లు చూడండి.

*

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మేనల్లుడూ నేనూ టేపు పట్టుకుని కాలేజీ గ్రౌండ్ కొలిచాం. ఒకవైపు 59 మీటర్లు రాకుండానే గోడ వచ్చేసింది. ఇంకోవైపు ఏదో పందిరి వేసి తీసేసిన గుంతలు. వాడి ముఖం చిన్నబోయింది.

అప్పుడు ఇంకో కొలత తీశాం. నేర్చుకోవడానికి పూర్తి గ్రౌండే అక్కర్లేదు కదా. నెట్స్‌లో ఒక పిచ్, బౌలర్ పరుగుకు కొంచెం చోటు: 33 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు. 120 చదరపు మీటర్లు. మూడు సెంట్లు. వాలీబాల్ కోర్టు కన్నా తక్కువ. ఎవరి భూమీ తీసుకోనక్కర్లేదు. ప్రభుత్వ బడులూ, ఆశ్రమ పాఠశాలలూ, కాలేజీల ఆవరణలు ఉన్నాయి. కావలసింది బంకమట్టి, రోలర్, రోజూ నీళ్ళు, దాని బాగు చూసుకోవడానికి జీతం తీసుకునే ఒక మాలి. పందిళ్ళు వేసేవాళ్ళు వచ్చినప్పుడు "ఇక్కడ కాదు" అని చెప్పే హక్కు ఆ మాలికి ఉండాలి. జింఖానాకు కంటోన్మెంట్ ఇచ్చింది ఆ హక్కే.

త్రిష కుటుంబం ఊరు వదిలి పాపను గ్రౌండ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. కానీ మూడొందల పది కిలోమీటర్లు కదలగలిగిన ఇంటికే ఆట దక్కుతుందంటే, కదల్లేని ఇళ్ళల్లో ఎవరున్నారో మనకెప్పటికీ తెలీదు.

మేనల్లుడు టేపు చుడుతూ అడిగాడు: "మూడు సెంట్లేనా మామయ్యా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదు?"

వాడికి ముగ్గురు ముఖ్యమంత్రుల కథ, రెండు అసోసియేషన్ల కథ, ఒక నది కథ చెప్పొచ్చు. చెప్పలేదు. కాగితం మీద కొలతలు రాయించాను. కింద వాడు తన పేరు, తరగతి రాసి, ఇది ఎవరికివ్వాలి అన్నాడు. ముందు మీ హెడ్‌మాస్టర్ గారికి ఇద్దాం పద అన్నాను.